న్యూయార్క్ వలస పేటల నడక యాత్రలు: ఒక పునఃపరిశీలన

న్యూయార్క్‌లోని లోయర్ ఈస్ట్ సైడ్, చైనాటౌన్ వంటి వలస పేటలను మార్గదర్శి వెంట నడిచి చూసే యాత్రలు వారసత్వ పరిరక్షణ ఉద్యమంతో పుట్టాయనీ, 1988లో రూత్ అబ్రామ్, అనిటా జాకబ్సన్ టెనెమెంట్ మ్యూజియాన్ని స్థాపించాక అవి స్థిరపడ్డాయనీ సాధారణంగా చెబుతారు. ఈ కథనం ఒక సంస్థ చరిత్రకు సరిపోతుంది గాని, యాత్ర చరిత్రకు చాలదు.

1842లో చార్లెస్ డికెన్స్ ఇద్దరు పోలీసుల రక్షణలో ఫైవ్ పాయింట్స్ అనే పేదల పేటను చూసిన సంగతి ప్రసిద్ధమే. ఇలాంటి పేటలకు ఐరిష్, జర్మన్ వలసల తరువాత 1880ల నుంచి ఇటాలియన్లు, తూర్పు యూరప్ యూదులు పెద్దయెత్తున వచ్చారు.

అసలు మలుపు ఆ దశాబ్దంలోనే ఉంది. సంపన్నులు పేదల వాడలను వినోదంగా చూడబోయే ‘స్లమ్మింగ్’ అనే అలవాటు 1884 ప్రాంతంలో లండన్ నుంచి న్యూయార్క్ చేరి, శతాబ్దాంతానికి చైనాటౌన్‌లో రుసుము తీసుకునే వ్యాపారమైంది. చక్ కానర్స్ వంటి మార్గదర్శులు సందర్శకులకు గుడిని, భోజనశాలను చూపి, చివరకు మనుషులను కుదుర్చుకొని వేషం కట్టించిన నల్లమందు కొట్టాన్ని చూపేవారు. 1882 నాటి చట్టం చైనా కార్మికుల రాకను నిషేధించినందువల్ల ఆ పేటలో స్త్రీలు, కుటుంబాలు అరుదయ్యాయి. చట్టం తెచ్చిన ఆ లోటునే చూడవచ్చినవారు చీనీయుల రహస్య స్వభావంగా భావించారు. నియమిత మజిలీలు, మార్గదర్శి వాక్చాతుర్యం, బయటివారికి కనబడనిది చూపిస్తామనే హామీ అప్పుడే కుదిరాయి.

అయితే ఆ కాలాన్ని వట్టి వినోదమని కొట్టివేయడం తగదు. స్వయంగా డెన్మార్క్ వలసదారైన జేకబ్ రీస్ 1890లో వెలువరించిన గ్రంథం కూడా పాఠకుణ్ణి పేట వెంట పేటగా నడిపించేదే. జాతుల గురించి అందులో దురభిప్రాయాలున్నా, ఇరుకు అద్దె ఇళ్లకు వెలుతురును, గాలిని తప్పనిసరి చేసిన 1901 చట్టానికి దారితీసిన ప్రచారంలో దానికి పెద్ద పాత్ర ఉంది. యాత్రికుల రాకవల్ల చైనాటౌన్ భోజనశాలలూ దుకాణాలూ లాభపడ్డాయి గనుక, నివాసులను కేవలం బాధితులుగా చూడడమూ సరికాదు.

నిజమైన విచ్ఛేదం ఏదైనా ఉంటే అది 1988లో కాదు, 1980లో జాన్ చెన్, చార్లెస్ లై న్యూయార్క్ చైనాటౌన్ హిస్టరీ ప్రాజెక్టును ప్రారంభించినప్పుడు కనిపిస్తుంది. చాకిరేవు దుకాణాల్లో పనిచేసిన వృద్ధుల జ్ఞాపకాలు అప్పుడు చరిత్రకు ఆధారాలయ్యాయి. టెనెమెంట్ మ్యూజియం కృషి గౌరవించదగినదే. కాని అది నెలకొన్న, 1863లో కట్టిన 97 ఆర్చర్డ్ స్ట్రీట్ భవనం నుంచి, గృహ చట్టాలు కోరిన మార్పులకు ఇష్టపడని యజమాని 1935లో అద్దెదారులను ఖాళీ చేయించాడు. కనుక అక్కడ వినిపించేది ప్రధానంగా వెళ్లిపోయినవారి కథ.

నేడు విస్తరించిన తినుబండారాల యాత్రలు పేదరికాన్ని గతించిన సంగతిగా చెప్పి, పెరిగే అద్దెలకు తట్టుకోలేక పేట విడిచిపోతున్నవారిని తరచు విస్మరిస్తున్నాయి. ఏ వీధిలో నడవాలో, ఏ కథ చెప్పాలో నిర్ణయించే అధికారం అక్కడి నివాసులకు దక్కనంతవరకు, ఈ యాత్ర మర్యాద నేర్చిన స్లమ్మింగే.