పెనుకొండ: కోట, దర్గా, జనశ్రుతి

సోమందేపల్లి దాటి ఉత్తరంగా సాగే బాటసారికి రాతిగుట్టలన్నిటినీ మించి కనిపించేది పెనుకొండ. పెను అనగా పెద్ద. సంస్కృత కవులు దీనినే ఘనగిరి అన్నారు. కొండపైన నరసింహస్వామి ఆలయం, శిథిలమైన బురుజులు ఉన్నాయి. కొండ కింద గగన్ మహల్, జైనుల పార్శ్వనాథాలయం, షేర్ ఖాన్ మసీదు, బాబయ్య దర్గా ఉన్నాయి. కొండ ఎక్కడానికి వచ్చేవారు బురుజులు చూసి, గాలి పీల్చుకొని, దిగిపోతారు. ఈ కొండ గురించి ప్రజలు చెప్పుకొనే కథ మాత్రం కింద, దర్గా వాకిట వినవలసినదే.

కోట చరిత్రలో సందిగ్ధం తక్కువ. ఉత్తర ద్వారం వద్ద ఉన్న 1354 నాటి శాసనం, మొదటి బుక్కరాయలు ఈ సీమను తన కుమారుడు విరూపణ్ణ ఒడయరుకు అప్పగించాడనీ, అతని కాలంలోనే కోట కట్టబడిందనీ చెబుతున్నది. 1565లో రక్కసి తంగడి యుద్ధంలో అళియ రామరాయలు మరణించిన పిమ్మట తిరుమలరాయలు విజయనగరాన్ని విడిచి పెనుకొండకు వచ్చాడు. ఆ విధంగా రెండు మూడు దశాబ్దాలపాటు ఇది రాజధాని. బిజాపూరు, గోలకొండ సేనలు దీనిని పలుమార్లు ముట్టడించాయి. ఆ శతాబ్దం చివరి దశకంలో వేంకటపతిరాయలు చంద్రగిరికి తరలిపోయాడు. పదిహేడవ శతాబ్దం నడుమ కోట బిజాపూరు వశమైంది.

ఇక బాబయ్య కథ. హజ్రత్ బాబా ఫక్రుద్దీన్ సీస్తాన్ దేశపు రాజు. సింహాసనాన్ని వదలి ఫకీరై, తిరుచిరాపల్లిలో నథర్ వలీని ఆశ్రయించాడు. గురువు ఒక పుల్లను చేతికిచ్చి, ఇది ఎక్కడ చిగురిస్తే అక్కడే నీ నివాసమన్నాడు. ఆ పుల్ల పెనుకొండలో చిగురించింది. అక్కడి రాజు ఈ కొత్తవానిని సహించక, ఫకీరుకూ ఆలయ పూజారికీ సున్నంతో పరీక్ష పెట్టాడు. ఫకీరు చెక్కుచెదరక బయటపడ్డాడు, పూజారి బయటపడలేదు. సంప్రదాయం ఆయనను పన్నెండు, పదమూడు శతాబ్దాలవానిగా చెబుతుంది.

ఇక్కడే చరిత్రకారునికి చిక్కు వస్తుంది. తిరుచిరాపల్లివారి సంప్రదాయం నథర్ వలీని పదకొండవ శతాబ్దపు మహాత్మునిగా చెబుతుంది. గురుశిష్యుల మధ్య ఏళ్ళు పొసగవు. కథ అబద్ధమని కొందరు దీనినే పట్టుకొంటారు. కరామత్ అని కొందరు దాటవేస్తారు. రెండూ తొందరపాటే. సూఫీ మార్గంలో ఉవైసీ పద్ధతి ఒకటి ఉన్నది. కన్నుమూసిన గురువు సమాధి వద్దగానీ, స్వప్నంలోగానీ శిష్యుడు దీక్ష పొందవచ్చును. సిల్సిలా అంటే ఆత్మబంధుత్వపు పట్టిక. దానిని పుట్టినరోజుల చిట్టాగా చదివితే లెక్క తప్పడం సహజం.

చిగురించిన పుల్ల సంగతీ అంతే. అరిమతయ యోసేపు చేతికర్ర ఇంగ్లండులోని గ్లాస్టన్‌బరీలో పూసిందని క్రైస్తవులు చెప్పుకొంటారు. దూరదేశం నుంచి వచ్చినవాడు ఈ నేల తనను స్వీకరించిందని చెప్పడానికి ఇంతకంటె తేట అయిన మాట లేదు. సీస్తాన్ నేడు ఇరాన్, అఫ్గానిస్తాన్‌ల సరిహద్దు ప్రాంతం. అజ్మీరు ఖ్వాజా ముయీనుద్దీన్ చిష్తీ కూడా అక్కడివారేనని ప్రసిద్ధి. పేరులోని సిజ్జీ ఆ నేలను సూచిస్తుంది. పదమూడవ శతాబ్దంలో మంగోలుల దండయాత్రల వల్ల ఆ ప్రాంతాల నుంచి విద్వాంసులు, ఫకీర్లు హిందూస్తానం దారి పట్టారు. రాజు కావడం మాట ఎలా ఉన్నా, సీస్తాన్ నుంచి ఒక ఫకీరు దక్షిణానికి రావడంలో వింత ఏమీ లేదు.

సున్నం పరీక్షకు ఎక్కువ శ్రద్ధ అవసరం. దీనిని ఒక మతం మరొక మతాన్ని ఓడించిన కథగా ఒకవైపు గర్వంతోనూ, మరొకవైపు గాయంతోనూ చెబుతుంటారు. అయితే కోటలు కట్టే ఊళ్ళో సున్నం లేని రోజు ఉండదు. గచ్చు, గిలాబా, తాంబూలం అన్నిటికీ అదే. కథకుడు తన కళ్ళెదుట ఉన్న వస్తువునే పరీక్షగా ఎంచుకొన్నాడు. కోట కట్టిన కాలానికి ముందటి ఫకీరు కథకు కోట కట్టిన సున్నం వచ్చి చేరిందంటే, కథ ఈ రూపంలో కుదురుకొన్నది కోట నీడలోనే అని ఊహించవచ్చు. ఇది ఊహయే, శాసనాధారం కాదు. కొండ మీద జరిగిన అసలు పోరాటాలూ మతానికి కట్టుబడి నడవలేదు. రామరాయల కొలువులో ముస్లిం సేనానులున్నారు. బిజాపూరు, గోలకొండ సుల్తానులు తమలో తాము పోరాడుకొన్నారు. రాజుల వైరాన్ని తెచ్చి ఫకీరు కథకు తగిలించడం ఫకీరుకు మేలు చేయదు.

ఆయనను ఎక్కువగా తమవాడని చెప్పుకొన్నవారు నవాబులు కారు, దూదేకులవారు. నూర్ బాషాలని, పింజారీలని పిలువబడే వీరి మాతృభాష తెలుగు, తరతరాల వృత్తి దూదిని ఏకడం. బాబా ఫక్రుద్దీన్‌ను తమ పీర్‌గా తలచే వీరి ఆచారాన్ని 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథం నమోదు చేసింది. ఫార్సీ బిరుదుల పేరు పలకడం ఎవరి నోటికీ కుదరక కాదు, దగ్గరివాడని తోచి, ఆయనను బాబయ్య అన్నారు. బాబా ఫార్సీ, అయ్య తెలుగు. రెండింటికీ అర్థం తండ్రి. ఒక మనిషిని రెండు భాషల్లో రెండుసార్లు తండ్రీ అని పిలవడం ఏ తజ్కిరా అనువాదకుడూ చేయలేని పని.

తజ్కిరాలను తెలుగులోకి తేవలసినవారు ఈ పేరును చెరిపి హజ్రత్ అని మాత్రమే వ్రాస్తే సగం చరిత్ర పోతుంది. ఉర్సుకు హిందువులూ వస్తారు. అనంతపురం ప్రాంతంలో బాబయ్య, పకీరప్ప అనే పేర్లు హిందువుల ఇళ్ళలోనూ వినిపిస్తాయి. పూజారి ఓడిన కథ విన్నవారే తమ పిల్లలకు ఈ పేర్లు పెట్టుకొన్నారు.