పరమవిష్ణులోకం చెంత వినోదనగరం

దేవాలయమంటే గర్భాలయ విమానాలు, మండప ప్రాకారాలు మాత్రమేనా, లేక అది నిలిచిన నేల, దానిని ఆశ్రయించిన నీరు, దానిని సేవించే జనపదం కూడ అందులో భాగమేనా అన్న ప్రశ్న జీర్ణోద్ధరణకు పూనుకొన్న ప్రతి ఊరిలోను ఏదో ఒక రూపంలో తలయెత్తుతూనే ఉంటుంది. శిథిలమైన శిలను సరిచేయడం స్థపతులకు తెలిసిన విద్య. ఆలయ పరిసరాలలో ఏమి కట్టవచ్చు, ఏమి కట్టరాదు అన్నది మాత్రం సమాజమంతా కలిసి నిర్ణయించుకోవలసిన విషయం. ఈ ప్రశ్న మన కాలంలో ప్రపంచమంతటి దృష్టిని ఆకర్షించిన చోటు కాంబోడియా దేశంలోని అంగ్‌కోర్. ప్రపంచంలోని అతిపెద్ద దేవాలయ సముదాయాలలో ఒకటైన ఆ క్షేత్రం చెంత ఒక భారీ థీమ్ పార్కు రిసార్టు నిర్మించాలన్న ప్రతిపాదన 2020-21 సంవత్సరాలలో వెలువడింది. ఆ ప్రతిపాదన ఏమిటో, ఎందుకు ఆగిపోయిందో తెలుసుకోవాలంటే ముందుగా ఆ క్షేత్ర చరిత్రను కొంత పరిశీలించాలి.

కాంబోజ రాజుల తటాకాలు

ఖ్మేర్ సామ్రాజ్యానికి ఆద్యుడైన రెండవ జయవర్మ క్రీ.శ. 802లో మహేంద్రపర్వతంపై చక్రవర్తిగా అభిషిక్తుడైనాడు. నేడు కులేన్ అని పిలువబడే ఆ పర్వతం నుండే అంగ్‌కోర్ మైదానానికి నీరు దిగివస్తుంది. ఆ రాజవంశం వారు తమ శాసనాలలో సంస్కృత శ్లోకాలను చెక్కించారు. దక్షిణ భారతం నుండి వెళ్లిన పల్లవ లిపి వారి లిపికి మాతృక. శివుడు, విష్ణువు, హరిహరుడు వారి ఆరాధ్య దైవాలు. తరువాతి కాలంలో బౌద్ధం కూడ రాజాదరణ పొందింది.

ఆ రాజుల ఆలయ నిర్మాణం తటాక నిర్మాణంతో పెనవేసుకొని సాగింది. మొదటి ఇంద్రవర్మ ఇంద్రతటాకాన్ని తవ్వించాడు. అతని కుమారుడు మొదటి యశోవర్మ యశోధరపురాన్ని నెలకొల్పి, ఏడున్నర కిలోమీటర్ల పొడవు, దాదాపు రెండు కిలోమీటర్ల వెడల్పు గల యశోధరతటాకాన్ని నిర్మింపజేశాడు. పదకొండవ శతాబ్దిలో రూపొందిన పశ్చిమ తటాకం పొడవు సుమారు ఎనిమిది కిలోమీటర్లు. కులేన్ ప్రాంతంలోని క్బాల్ స్పియన్ వద్ద ఏటి గర్భంలోని శిలలపైననే వందలాది శివలింగాలను, శేషశాయి అయిన విష్ణుమూర్తిని మలచారు. ఆ మూర్తులను తాకి ప్రవహించిన నీరు పవిత్రోదకమై పొలాలకు చేరుతుందన్నది వారి విశ్వాసం. అభిషేక జలమూ, సేద్యపు నీరూ వారికి వేరు కాలేదు.

పన్నెండవ శతాబ్ది పూర్వార్ధంలో రెండవ సూర్యవర్మ అంగ్‌కోర్ వాట్ ఆలయాన్ని విష్ణువునకు అంకితం చేసి కట్టించాడు. మరణానంతరం ఆ రాజును 'పరమవిష్ణులోకుడు' అని వ్యవహరించారు. మేరు శిఖరాలను స్ఫురింపజేసే ఐదు విమానాలతో, చుట్టూ క్షీరసాగరాన్ని తలపించే 190 మీటర్ల వెడల్పు గల అగడ్తతో ఆ ఆలయం ఒక జగత్తు నమూనావలె నిలిచింది. దాని తూర్పు వసారాలో సుమారు 49 మీటర్ల పొడవున సముద్రమథన దృశ్యం చెక్కబడి ఉంది. ఒకవైపు 92 మంది అసురులు, మరొకవైపు 88 మంది దేవతలు వాసుకిని పట్టి లాగుతుండగా, నడుమ కూర్మంపై మందరగిరి నిలిచి ఉంటుంది. ఎంత మహాపర్వతమైనా అడుగున ఆధారం లేనిదే నిలువదన్న సత్యాన్ని ఆ శిల్పి రాతిలో చూపించాడు.

సౌధం క్రింది ఇసుక

అంగ్‌కోర్ ఆలయాలకు కూడ అట్టి అదృశ్యమైన ఆధారం ఒకటి ఉంది. అక్కడి స్థపతులు నేలను తవ్వి, ఆ గోతిని ఇసుకతో నింపి, గట్టిగా దిమ్మిస కొట్టి, దానిపై జేగురురాయిని, ఇసుకరాయిని పేర్చుకొంటూ పోయారు. ఆ మైదానంలో భూగర్భజలం నేలకు చాలా దగ్గరగా ఉంటుంది. ఆ తడి ఇసుకను ఒకటిగా బిగించి ఉంచినంత కాలం అది పైభారాన్ని సమంగా మోస్తుంది. నీటిమట్టం బాగా పడిపోయి ఇసుక ఎండితే, అది ఒకచోట ఎక్కువగాను, మరొకచోట తక్కువగాను కుంగవచ్చు. సున్నం గచ్చు లేకుండ రాయిపై రాయి కూర్చిన కట్టడానికి అట్టి అసమానమైన కుంగుబాటు ప్రాణాంతకం. అందుచేతనే తటాకాలు, అగడ్తలు అంగ్‌కోర్‌కు అలంకారాలు మాత్రమే కావు. అవి నేలలోని నీటిని నిలిపి ఆలయాల పాదాలను కాపాడుతున్నవి.

పధ్నాలుగు, పదిహేను శతాబ్దులలో దీర్ఘకాలిక క్షామాలు, వాటి నడుమ అతివృష్టి ఆ జలవ్యవస్థను ఛిన్నాభిన్నం చేశాయని వృక్షకాండాలలోని వలయాలను పరిశీలించిన శాస్త్రవేత్తలు నిర్ధారించారు. దండయాత్రలు తోడై రాజధాని తరలిపోయింది. అయినను అంగ్‌కోర్ వాట్ పూర్తిగా పాడుపడలేదు. బౌద్ధ భిక్షువులు అక్కడ పూజలు సాగిస్తూనే వచ్చారు.

ఇరవయ్యవ శతాబ్దిలో యుద్ధాలు, అంతర్గత కల్లోలం ఆ దేశాన్ని కుదిపివేసిన తరువాత, 1986 నుండి 1993 వరకు మన భారత పురావస్తు శాఖ అంగ్‌కోర్ వాట్‌లో సంరక్షణ కార్యక్రమాలు నిర్వహించింది. అనంతరం తా ప్రోమ్ ఆలయ పునరుద్ధరణకు కూడ పూనుకొంది. 1992లో యునెస్కో అంగ్‌కోర్‌ను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించి, అదే సంవత్సరం ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలో చేర్చింది. 1994లో రాజశాసనం ద్వారా రక్షిత మండలాలను నిర్ణయించారు. 1995లో 'అప్సర' అనే జాతీయ అధికార సంస్థ ఏర్పడింది. ఈ కృషి ఫలితంగా 2004లో అంగ్‌కోర్ ప్రమాద జాబితా నుండి బయటపడింది.

వినోదనగర ప్రతిపాదన

రక్షణతో పాటు సందర్శకుల రాక పెరిగింది. 1993లో పదివేలకు లోబడి ఉన్న సందర్శకుల సంఖ్య, 2018 నాటికి టిక్కెట్టు కొన్న విదేశీయులను మాత్రమే లెక్కించినను దాదాపు 26 లక్షలకు చేరింది. పక్కనున్న సియం రీప్ చిన్న పట్టణం నుండి హోటళ్ల నగరంగా మారింది. ఆ హోటళ్లలో అనేకం బోరుబావులు తవ్వి భూగర్భజలాన్ని తోడుకొన్నవి.

ఈ నేపథ్యంలో, ఫ్నోంపెన్ నగరంలో జూదశాల నడుపుతున్న నాగకార్ప్ అనే సంస్థ 'అంగ్‌కోర్ లేక్ ఆఫ్ వండర్' అనే ప్రణాళికను ముందుకు తెచ్చింది. ఆ పేరునకు అంగ్‌కోర్ వింతల సరస్సు అని అర్థం. రక్షిత మండలపు దక్షిణపు సరిహద్దుకు సుమారు 500 మీటర్ల దూరంలో, 75 హెక్టార్ల భూమిలో, అనగా దాదాపు 185 ఎకరాలలో, 35 కోట్ల డాలర్ల వ్యయంతో హోటళ్లు, థీమ్ పార్కు, జలక్రీడాస్థలం నిర్మించాలన్నది సంకల్పం. యాత్రికులు ఆలయాలను చూచి ఒకటి రెండు రోజులలో వెళ్లిపోతున్నారని, వారిని మరికొన్ని రోజులు నిలిపితే ప్రాంతానికి ఆదాయం పెరుగుతుందని ప్రతిపాదకుల వాదం. స్థలం రక్షిత మండలానికి వెలుపల ఉన్నదన్నది వారికి అనుకూలమైన మరొక విషయం.

ఈ వాదాన్ని తేలికగా త్రోసిపుచ్చరాదు. ఆలయాల నీడన నివసించే రైతులకు, చేతివృత్తుల వారికి జీవనోపాధి కావాలి. కోవిడ్ కాలంలో విదేశీ యాత్రికుల రాక ఆగిపోయినప్పుడు సియం రీప్‌లో వేలాది కుటుంబాలు ఆదాయం కోల్పోయాయి. అయితే అదే అనుభవం మరొక పాఠం కూడ చెప్పింది. పర్యాటకం ఒక్కటే ఆధారమైన ఊరికి ఇంకొక పర్యాటక నిర్మాణం జతపరచినంత మాత్రాన స్థిరత్వం రాదు.

ఇక 500 మీటర్ల సంగతి. గీత పటంపై ఉంటుంది. భూగర్భజలానికి ఆ గీత తెలియదు. సరిహద్దుకు వెలుపల తోడిన నీరు సరిహద్దుకు లోపలి ఇసుకను కూడ ఎండబెట్టగలదు. వేల సంఖ్యలో వాహనాలు, ఎత్తైన కట్టడాలు, రాత్రంతా వెలిగే దీపాలు, యంత్రధ్వనులు కూడ ఆ గీత వద్ద ఆగవు. ఆ నిర్మాణపు పరిమాణమూ స్వభావమూ క్షేత్రపు విశిష్టతకు భంగం కలిగించగలవని యునెస్కో 2021లో ఆందోళన వ్యక్తం చేసింది. అభ్యంతరాలు బలపడగా ఆ ప్రణాళిక ఆగిపోయింది. సరస్సులే పునాదిగా వెలసిన నగరం పక్కన కృత్రిమమైన వింతల సరస్సు రాలేదు.

రక్షణలోని మరొక చిక్కు

ఒక వినోదనగరం ఆగినంత మాత్రాన ప్రశ్న తీరిపోలేదు. 1186 నాటి తా ప్రోమ్ శాసనం ఒక విషయాన్ని స్పష్టం చేస్తుంది. ఆ ఒక్క ఆలయ సేవకు 3,140 గ్రామాలు, 79,365 మంది జనం నియుక్తులై ఉండేవారట. ఆలయం జనపదంతో కలిసి జీవించేదన్నమాట. అట్టి చోట 2022 నుండి దాదాపు పదివేల కుటుంబాలను రక్షిత మండలం నుండి దూరపు కాలనీలకు తరలించే కార్యక్రమం జరిగింది. వారు స్వచ్ఛందంగా వెళుతున్నారని ప్రభుత్వం ప్రకటించగా, బలవంతపు తరలింపు జరుగుతున్నదని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2023లో ఆరోపించింది. సంపన్నుల రిసార్టును అడ్డుకొన్న వారసత్వ నియమమే పేదవాని గుడిసెను తొలగించడానికి కారణంగా చూపబడితే, రక్షణ అన్న మాటకు న్యాయం జరిగినట్లు కాదు.

అదే సమయంలో అక్కడ అనుసరించదగిన పనులు కూడ జరిగాయి. శతాబ్దాలుగా ఎండిపోయిన జయతటాకంలో 2008లో తిరిగి నీరు నింపారు. పూడుకొనిపోయిన పురాతన కాలువలను, అగడ్తలను బాగుచేశారు. 2011లో వరదలు సియం రీప్‌ను ముంచెత్తిన పిమ్మట ఆ పని మరింత వేగం పుంజుకొంది. పూర్వులు వరద నీటిని పట్టి ఉంచిన చోటనే మరల పట్టి ఉంచితే ఊరికి రక్షణ, పొలానికి తడి, ఆలయానికి పునాది బలం ఒకేసారి లభిస్తాయి. పాత విమానాశ్రయం అంగ్‌కోర్ వాట్‌కు చేరువలో ఉండగా, 2023లో ప్రారంభమైన కొత్త విమానాశ్రయాన్ని సుమారు 40 కిలోమీటర్ల దూరంలో నిర్మించారు. యాత్రికులకు వసతి కల్పించడానికి ఆలయం ముంగిటనే కట్టనక్కరలేదని ఇది తెలియజేస్తుంది.

మన నేలపై

ఈ విషయం తెలుగువారికి అపరిచితమైనది కాదు. అంగ్‌కోర్‌లో ఏడవ జయవర్మ పాలన చివరి దశలో ఉన్న కాలంలోనే, 1213లో, కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప ఆలయాన్ని నిర్మింపజేశాడు. దాని పునాది కూడ ఇసుకపైననే నిలిచి ఉంది. దాని చెంతనే రామప్ప చెరువు ఉంది. అంగ్‌కోర్ వివాదం చెలరేగిన 2021వ సంవత్సరంలోనే రామప్పకు ప్రపంచ వారసత్వ హోదా లభించింది. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపం పునాది బలహీనపడగా, రాళ్లన్నింటిని విప్పి, పునాదిని పటిష్ఠపరచి, తిరిగి పేర్చి 2024లో మరల తెరవడానికి ఎంత కాలం పట్టిందో మనకు తెలుసు. విప్పిన రాతిని తిరిగి నిలుపవచ్చు గాని, చెరువును పూడ్చి భవనాలు లేపిన చోట ఆ చెరువును తిరిగి తేవడం అంతకంటె కష్టం.

రాయల రాజధాని హంపీలోను ఇట్టి వ్యాజ్యమే నడిచింది. తుంగభద్రకు ఆవలి ఒడ్డున, విరుపాపురగడ్డెలో అనుమతి లేక వెలసిన రిసార్టుల తొలగింపును 2020లో సుప్రీంకోర్టు సమర్థించగా, వాటిని కూల్చివేశారు. కట్టిన పిమ్మట కూల్చడంలో యజమానికి, అక్కడ పనిచేసే కూలివానికి, క్షేత్రానికి కూడ నష్టమే. కట్టకముందే యోచించడం అందరికీ మేలు.

జీర్ణోద్ధరణ పూర్తియై కుంభాభిషేక మహోత్సవం జరుపుకొనే ప్రతి ఆలయ సమాజానికి అంగ్‌కోర్ ఇచ్చే సందేశం ఇదే. విమాన కలశంపై సంప్రోక్షణ జలం పడిన నాటితో కర్తవ్యం ముగియదు. భక్తుల రాక పెరుగుతుంది, దానితో పాటు వసతిగృహాలు, దుకాణాలు, వాహనాల నిలుపుదల స్థలాలు, నీటి బోర్లు కూడ వస్తాయి. వాటిని ఎక్కడ అనుమతించాలి, ఎంత దూరంలో ఉంచాలి, కోనేటికి నీరు వచ్చే దారి ఏది, ఆ దారిలో ఎవరి ఇల్లు ఉన్నది, వారికి ప్రత్యామ్నాయం ఏమిటి అన్న విషయాలను ఊరి పెద్దలు, ధర్మకర్తలు, రైతులు ఒకచోట కూర్చుండి ఇప్పుడే వ్రాసిపెట్టుకోవడం మంచిది. తా ప్రోమ్ శాసనం గ్రామాలను, మనుష్యులను లెక్కపెట్టి రాతిపై వ్రాయించింది. ఎనిమిది వందల సంవత్సరాల తరువాత కూడ ఆ లెక్క మనకు ఉపకరిస్తున్నది. మన ఆలయానికి చెందిన చెరువు విస్తీర్ణాన్ని, కాలువల దారులను, మాన్యాల హద్దులను అంత శ్రద్ధగా నమోదు చేసి ఉంచగలిగితే, రాబోయే తరంవారు జరిపే జీర్ణోద్ధరణకు అది మొదటి ఇటుక అవుతుంది.