కట్టించినవాడు, కట్టినవారు

స్పెయిన్ నియంత ఫ్రాంకో 1975 నవంబరు 20న మరణించాడు. ఆ తేదీకి నేటికీ కొన్ని చిన్న బృందాలు చేరి, కుడిచేయి చాచి ఆయనకు వందనం చేస్తుంటాయి. జలాశయాలు కట్టించాడు, శాంతి నెలకొల్పాడు అన్నది వారి వాదం.

పాఠం చెప్పిన అలవాటు వల్ల నా చూపు ఆ 'కట్టించాడు' వద్దనే ఆగుతుంది. ప్రేరణార్థక క్రియకు కట్టించినవాడే కర్త. కట్టినవాడు వాక్యంలో లేకున్నా వ్యాకరణం ఒప్పుకుంటుంది, చరిత్ర ఒప్పుకోరాదు.

మాడ్రిడ్ సమీపాన 1940-59 మధ్య లేచిన మృతవీరుల లోయ స్మారకాన్నే చూడండి. దానిని కట్టినవారిలో అంతర్యుద్ధంలో ఓడిన పక్షపు ఖైదీలున్నారు. లోపల 33 వేలకు పైగా మృతుల అస్థికలున్నాయి. వాటిలో ఎన్నో ఓడినవారివి, బంధువుల అనుమతి లేకుండానే తరలించినవి. వారి నడుమనే 44 ఏండ్లు ఫ్రాంకో సమాధి!

2019 అక్టోబరు 24న ఆయన శవపేటికను మింగోరూబియో శ్మశానానికి మార్చారు. అభిమానులు దానిని అపచారమన్నారు. అనుమతి లేకుండా అంతకుముందు తరలించిన వేలమంది అస్థికల విషయంలో వారికి ఆ మాట తోచలేదు. 2022లో ప్రజాస్వామ్య స్మృతి చట్టం వచ్చింది. మరుసటి యేడు ఆ అస్థికలలో తమవారిని కోరిన కుటుంబాల కొరకు ఆనవాలు పట్టే పని మొదలైంది.

చదువరులారా! ఏ నియంతనైనా 'కట్టించాడు' అని పొగిడితే, తృతీయా విభక్తితో ఒక్క ప్రశ్న వేయండి: ఎవరిచేత?