డాన్యూబ్ ఒడ్డున రాజధానులెన్ని?

సంక్రాంతి సెలవులకు వచ్చిన మనవరాలు రంగనాయకస్వామి గుడి పక్కన చెరువుగట్టు మీద కూర్చోబెట్టి ఫోన్లో నాకు పరీక్ష పెట్టింది. ఐరోపా మీద పది ప్రశ్నలు. ముప్పై ఏళ్లకు పైగా హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి కదా, ధీమాగానే కూర్చున్నాను. నాలుగో ప్రశ్న: డాన్యూబ్ నది ఎన్ని దేశాల రాజధానులను తాకుతూ పోతుంది? "మూడు" అనేశాను. వియన్నా, బుడాపెస్ట్, బెల్‌గ్రేడ్. ఫోన్ ఎర్రబడింది. నాలుగట. నేను వదిలేసింది బ్రాటిస్లావా.

తెలియక కాదు. 1993 జనవరి 1న చెకోస్లొవేకియా రెండై స్లొవేకియా ఏర్పడిందనీ, బ్రాటిస్లావా దాని రాజధాని అనీ ఎన్ని బ్యాచులకు చెప్పానో లెక్కలేదు. అయినా నోటికి ముందు వచ్చింది చిన్నప్పుడు బట్టీ పట్టిన జవాబే. నది కదల్లేదు, ఊరు కదల్లేదు, హోదా ఒక్కటే మారింది. మా ఇల్లూ అంతే. 2016 అక్టోబర్ 11, దసరా పండుగ నాడు, మహబూబ్‌నగర్ జిల్లా పెబ్బేరు మండలంలో ఉన్నది కాస్తా వనపర్తి జిల్లా శ్రీరంగాపూర్ మండలం అయిపోయింది. అసలు మా ఊరి పేరే కావేరి ఒడ్డు శ్రీరంగాన్ని తలపిస్తుంది. వనపర్తి సంస్థానాధీశులు ఆ రంగనాథుణ్ణి తలచుకుని ఇక్కడ గుడి కట్టించారని చెప్పుకుంటారు.

మా కాలంలో ఐరోపా అంటే ఒక ఉత్త పటం. గీతలు తప్ప అక్షరం ఉండదు. పెబ్బేరు అంగడికి పోయినవాళ్లతో తెప్పించుకునేవాళ్లం. వోల్గా గీయాలి, రైన్ గీయాలి, ఆల్ప్స్ దగ్గర పక్షి రెక్కల్లాంటి గుర్తులు పెట్టాలి. "ఇటలీ బూటులాగ ఉంటది, మరువకుర్రి" అనేవారు సారు. తరగతిలో బూటున్న కాలు ఒక్కటీ లేదు. మేం బూటు చూసింది పోలీసుల కాళ్లకే, అందుకే నాకు చాలా రోజులు ఇటలీ అంటే కొంచెం భయం.

ఇంటికొచ్చి పటం నింపుతుంటే నాయిన తొంగిచూసేవాడు. ఆయన నిజాం కాలంలో వనపర్తిలో ఉర్దూ మీడియంలో మిడిల్ దాకా చదివాడు. భూగోళం ఆయనకు జుగ్రాఫియా. నేను గ్రీసు అని రాసిన చోట వేలు పెట్టి "ఇది యూనాన్" అనేవాడు. స్పెయిన్ హస్పానియా, రష్యా రూస్, ఇంగ్లండు ఇంగ్లిస్తాన్. నేను మధ్యధరా సముద్రం అంటే ఆయన బహీరా-ఎ-రూమ్ అనేవాడు. సారు చెప్పింది తప్పా, నాయిన చెప్పింది తప్పా అని చాలా రోజులు తన్నుకులాడాను.

ఇద్దరిదీ ఒప్పే. దారులు వేరు. నాయిన ఐరోపా నేల మీదుగా, పారసీకుల నోటా అరబ్బుల నోటా నడిచి వచ్చింది. ఈజియన్ తీరపు అయోనియా గ్రీకులే పారసీకులకు మొదట తగిలారు కాబట్టి గ్రీసంతా యూనాన్ అయింది. కాన్‌స్టాంటినోపుల్ ఏలిన తూర్పు రోమనుల వల్ల ఆ సముద్రం రూమ్ సముద్రమైంది. ఆ రూమే నాయిన పాత ఫోటోలో ఆయన నెత్తి మీదా ఉంది, రూమీ టోపీగా. 1917లో హైదరాబాదులో ఇంగ్లీషు పుస్తకాలను ఉర్దూలోకి దించడానికి తర్జుమా శాఖ పెట్టారు, మరుసటేడు ఉర్దూలో చదువు చెప్పే ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలిసింది. 1948 పోలీసు యాక్షన్ తర్వాత బడులు తెలుగులోకి మళ్లాయి, యూనాన్ పోయి గ్రీసు వచ్చింది. మధ్యధరా అన్న మాట కట్టినవారెవరో గాని చేయి తిరిగినవారు. రెండు నేలల నడుమ అన్న అర్థమూ దక్కింది, మెడిటరేనియన్ అన్న మోతా దక్కింది.

తెలుగువాళ్లకు ఇంకో ఐరోపా అంతకు ముందే సముద్రం మీద వచ్చి దిగింది. ఒకసారి బందరుకు పెళ్లికి పోయి, ముహూర్తం దాటాక ఊరు తిరిగాను. ఆటో అతను వరసగా పేర్లు చెబుతున్నాడు: వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం. నాకు ఒళ్లు జల్లుమంది. గోల్కొండ సుల్తానుల రేవైన ఈ బందరులో 1605లో దిగిన హాలండు వర్తకులు వలందులు, 1611లో వచ్చిన ఇంగ్లీషువాళ్లు, 1669లో వచ్చిన ఫ్రెంచివాళ్లు పరాసులు. పోర్చుగీసును మనవాళ్లు బుడతకీచు అన్నారు. పలకడం రాక చెడగొట్టారని నవ్వుతారు గాని, మన నోటికి కుదిరేట్టు మలుచుకోవడం అది. ఈ ఐరోపాకు పటం లేదు. ఎవరు ఏ సరుకు తెచ్చారు, ఎవరు ఎవరితో కొట్లాడారు అన్నదే దాని సరిహద్దు.

మా అవ్వకు ఆ పేర్లూ తెలియవు. ఆమె లెక్కలో సముద్రం అవతలిదంతా సీమ. సీమచింతకాయలు ఒలిచి పెట్టేది. ఆ చెట్టు పుట్టిల్లు మెక్సికో వైపు, ఐరోపా కానే కాదు. సున్నం రంగు తేలిన తేలికపాటి అల్యూమినియం గిన్నె ఆమెకు జర్మన్ గిన్నె. జర్మనీ ఎక్కడుందే అవ్వా అంటే, "గిన్నెలు చేసే ఊరు" అని జవాబు. ఆ ప్రశ్నకు నాకైతే ఇంతకంటే సూటి జవాబు తోచదు.

వనపర్తి రాజుల వంశానికి చెందిన జె. రామేశ్వరరావు విదేశాంగ సేవలో ఉండి, మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు వెళ్లి, ఆ పైన ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థకు అధ్యక్షుడయ్యారు. ఆ సంస్థ స్కూల్ అట్లాసు ఒకటి నా దగ్గర ఇప్పటికీ ఉంది. అందులో యుగోస్లావియా ఒకే రంగులో ఉంటుంది. పారేయమని ఇంట్లో పోరు. పారేయలేదు.

పదికి ఆరు వచ్చాయని మనవరాలు వెక్కిరిస్తుంటే, నాకూ పట్టుదల వచ్చింది. ఆ అట్లాసు తెప్పించి ఐరోపా పుట తెరిచి ఐదు పేర్లిచ్చాను: యూనాన్, హస్పానియా, రూస్, వలందా, పరాసు. పట్టుకో, ఫోన్ ముట్టొద్దు అన్నాను.

రూస్ వెంటనే పట్టింది. హస్పానియా దగ్గర కాసేపు పెదవులు కదిపి స్పెయిన్ మీద వేలు పెట్టింది. వలందాకు పోలండు చూపించింది. పరాసుకు పారిస్ ఊరు చూపిస్తే సగం మార్కు వేశాను. యూనాన్ చైనాలో ఉందని కొట్లాడింది. ఐదుకు రెండున్నర.

"పుస్తకంలో లేనివి అడిగితే ఎట్ల తాతా?" అని అట్లాసు నా ఒళ్లో పడేసి లేచిపోయింది.