జాంబవంతుని సంతతి



మన తగరపువలస నుండి ఉత్తరముగా శ్రీకాకుళము మీదుగా ఉద్దానమునకు బోవువానికి త్రోవ పొడవునను ‘వలస’ యను పదముతో ముగియు గ్రామనామములు పెక్కులు వినవచ్చును. జనులు వచ్చి నిలిచిన చోట్లవి. వారికంటె ముందే ఈ కొండలయందును పొదలయందును కాపురమున్న ప్రాణులలో నొకటి ఎలుగుబంటి. దాని చరిత్రమును గూర్చి నేడు నాలుగు మాటలు విన్నవించెదను.

భల్లూకము, ఋక్షము, అచ్ఛభల్లము అని దీనికి సంస్కృత నామములు. వేదకాలమున సప్తర్షి మండలమునకు ఋక్షములని పేరుండెను. గ్రీకులును ఆ చుక్కలలో ఎలుగుబంటినే చూచిరి. రామాయణమున హనుమంతునకు అతని బలమును జ్ఞప్తికి దెచ్చి సముద్రలంఘనమునకు బురికొల్పిన వృద్ధుడు ఋక్షరాజగు జాంబవంతుడు. శమంతకమణికై శ్రీకృష్ణునితో ఇరువదెనిమిది దినములు పోరి, తుదకు కుమార్తెనిచ్చి మామయైనవాడు నతడే. శ్రీకృష్ణదేవరాయలు ఈ కథనే జాంబవతీకల్యాణమను సంస్కృత నాటకముగా రచించెను.

పాశ్చాత్యులు దీని నెఱిగిన విధము వింతగొలుపును. 1791లో జార్జి షా అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీని పొడవైన గోళ్లను జూచి, అమెరికాఖండమున చెట్లకు వ్రేలాడు ‘స్లాత్’ అను మందగమన జంతువునకు ఇది చుట్టమని భ్రమించెను. 1793లో మేయరు అను పండితుడు ‘మెలర్సస్’ అనగా తేనె యెలుగు అని పేరిడెను. ఆ పేరే శాస్త్రమున నిలిచినది. ఆంగ్లమున మాత్రము ‘స్లాత్’ శబ్దము నేటికిని వదలలేదు.

నిజమునకు ఇది మందజంతువు కాదు. ఆ గోళ్లు చెదపుట్టలను త్రవ్వుటకు ప్రకృతి యిచ్చిన గునపములు. మీది దౌడ ముందు పండ్లలో నడిమి రెండును దీనికి లేవు. ముక్కు రంధ్రములను మూసికొని, పెదవులను గొట్టముగా జేసి, ఆ సందునుండి చెదపురుగులను పీల్చివేయును. ఆ చప్పుడు చాల దూరము వినబడును. ఇప్పపూలు, రేగుపండ్లు, నేరేడుపండ్లు, రేలకాయలు, తేనె దీనికి ప్రియాహారములు. తిన్న పండ్ల గింజలను అడవియంతట విసర్జించి క్రొత్త చెట్లకు కారణమగును. తల్లి పిల్లలను వీపుపై మోయుట మఱియొక విశేషము.

ఇట్టి ప్రాణిని మనము చూచిన తీరెట్టిది? జాంబవంతునకు మ్రొక్కిన చేతులతోనే దాని పిల్లలను బట్టి, ముక్కు గుచ్చి త్రాడు దూర్చి, వీథులలో ఆడించితిమి. భయము వదలునని పసిబిడ్డలను దాని వీపున నెక్కించి, దాని వెండ్రుకలను తాయెత్తులలో గట్టితిమి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనికి రక్షణ కల్పించినను ఆట వెంటనే ఆగలేదు. ఆడించువారికి వేఱు జీవనోపాధి చూపి ఎలుగులను శరణాలయములకు జేర్చిన పిమ్మట, 2009 నాటికి ఆ యాచారము చాలవఱకు అంతరించెను. చట్టముతోపాటు అన్నమునకు దారియు చూపవలెనను పాఠము ఇందు గలదు. హంపీకి సమీపమున దరోజి యొద్ద 1994లో ఎలుగుబంట్ల కొఱకే యొక అభయారణ్య మేర్పడినది. కిష్కింధయని జనులు నమ్ము ప్రాంతమున, రాయల రాజధాని చెంత, జాంబవంతుని సంతతికి మరల చోటు దొరకుట సముచితము.

మన యుత్తరాంధ్రమున సమస్య వేఱు. ఉద్దానమున జీడిమామిడి, పనస తోటలు కొండల యంచులదాక వ్యాపించినవి. పండ్ల వాసనకు ఎలుగులు తోటలలోనికి వచ్చును. 2022 జూన్ మాసమున వజ్రపుకొత్తూరు మండలమునందలి కిడిసింగి ప్రాంతమున ఒక ఎలుగు దాడిలో ఒకరు మరణించిరి, పలువురు గాయపడిరి. పట్టుబడిన పిదప ఆ యెలుగును మరణించెను. పొలమునకు బోయి తిరిగిరాని రైతు కుటుంబముతో ‘భూతదయ’ యని ఉపన్యసించుట సులభము కాదు. ఆ దుఃఖమును గుర్తింపని సంరక్షణ నిలువదు.

అయినను నిజమొకటి తెలిసికొనవలెను. ఎలుగుబంటి మనుష్యుని వేటాడి తినునది కాదు. అకస్మాత్తుగా ఎదురుపడినపుడు, పిల్లలు వెంటనున్నపుడు, బెదరి మీదబడును. కావున తెల్లవాఱుజామునను మునిమాపునను తోటలకు ఒంటరిగా బోరాదు. నలుగురు కూడి మాటాడుచు నడువవలెను. రాలిన పనసపండ్లను ఊరిచెంత కుళ్లనీయరాదు. కొండమీది నేరేడును రేగును పుట్టను దానికి వదలవలెను. ప్రపంచమున నివి ఇరువదివేలలోపేయని అంచనా. కొండలో దాని కూడు దానికి మిగిల్చిననాడు మన తోటలో మన ప్రాణము మనకు మిగులును.