రెండు పడవల డాక్టరుగారు

కూర్చో నాయనా, మంట ఇంకా ఆరలేదు. ఆ ఫోను జేబులో పెట్టుకో, ఎక్కడికీ పారిపోదులే.

మా చిన్నప్పుడు కర్నూలు పెద్దాసుపత్రికి పోవాలంటే ఇంట్లోంచి ఖాళీ సీసా పట్టుకుని పోవాలి. మందు సర్కారుది, సీసా మనది. కాంపౌండరు మిక్చరు పోసి, పూటకెంత తాగాలో తెలిసేలా కాగితాన్ని మెట్లు మెట్లుగా కత్తిరించి సీసాకి అంటించేవాడు. 1957లో నయాపైసలు వచ్చినా మా అవ్వ అణాల్లోనే బేరమాడేది. అణాకి 6 పైసలంటే పావుపైస ఎవరు మింగారని నిలదీసేది! సరే, అవ్వ బేరాలు మొదలుపెడితే తెల్లారుతుంది.

ఆ రోజుల్లో కర్నూలు మెడికల్ కాలేజీలో శ్రీపాద పినాకపాణి గారని పెద్ద డాక్టరు ఉండేవారు. 1913లో శ్రీకాకుళం వైపు ప్రియాగ్రహారంలో పుట్టారు, విశాఖపట్నంలో వైద్యం చదివారు. ఎకో మిషన్లు లేని కాలం. గుండె చప్పుళ్ల మధ్య సన్నగా ఊదినట్టు వినిపించే తేడాని డాక్టరు చెవితోనే పట్టుకోవాలి. పగలు అలాంటి పని చేసే మనిషి, ఇంటికొచ్చి తంబూరా శ్రుతి చేసుకునేవారు. మా వీధి అరుగుల మీద ఇదే చర్చ. పాటలు పాడే డాక్టరు మందేం ఇస్తాడని ఒకాయన, మందులిచ్చే చేతికి సంగీతం ఏమబ్బుతుందని ఇంకొకాయన. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు మునుగుతాడని ఇద్దరూ కలిసి తేల్చేశారు. ఆ ఇద్దరికీ ఈత కూడా రాదు, అది వేరే సంగతి.

ఆయన మునగలేదు నాయనా. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి దగ్గర నేర్చుకున్నారు. మద్రాసులో ఉన్నప్పుడు రంగరామానుజ అయ్యంగార్ దగ్గర కూర్చున్నారు. ఆ అయ్యంగారు వీణ ధనమ్మాళ్ శిష్యులు. అక్కడి గొప్పవాళ్ల పాట విని తల ఊపి ఊరుకోలేదు, కాగితం మీద పెట్టారు. స్వరం ఎవరైనా రాస్తారు. స్వరం ఊగే తీరు, జారే తీరు, అదే గమకం, అది రాయడం కష్టం. రోగి మంచం పక్కన రోజూ చూసింది చూసినట్టు రాసే అలవాటే ఆయన్ని ఇందులోనూ వదల్లేదని నా నమ్మకం. ఆ రాతలే తిరుపతి దేవస్థానం వేసిన ‘సంగీత సౌరభం’ సంపుటాలయ్యాయి. ఇప్పుడు ఏ పిల్లవాడైనా తెరిచి చూసుకోవచ్చు.

ఇంకో మాట. ఇంటి ఖర్చు జీతంతో గడిచేది కాబట్టి సంగీత పాఠానికి పైసా అడగాల్సిన పని ఆయనకి రాలేదు. ఉద్యోగం సంగీతాన్ని తినేసిందని వాపోయేవాళ్లని చూస్తే నాకు ఇదే గుర్తొస్తుంది. ఆయన ఉద్యోగం సంగీతానికి అన్నం పెట్టింది. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ, శ్రీరంగం గోపాలరత్నం, వీళ్లందరూ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. పొద్దున్నే విజయవాడ రేడియో స్టేషను పెట్టుకుని కాఫీ తాగిన ఇళ్లలో వోలేటి గొంతు, గోపాలరత్నం గొంతు తెలియనివాళ్లు తక్కువ. అప్పట్లో రేడియోకి పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టాల్సి వచ్చేది, తెలుసా? నవ్వకు, నిజం. కట్టనివాళ్లు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే పెట్టె మీద దుప్పటి కప్పేవాళ్లు.

1968లో రిటైరయ్యాక కూడా ఆయన కర్నూల్లోనే ఉండిపోయారు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1983లో సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది, మరుసటేడు పద్మభూషణ్ వచ్చింది. 1991లో అదే సంగీత కళానిధి శిష్యుడు నేదునూరిగారిని వరించింది. అప్పటికి గురువుగారికి 78. కళ్లారా చూసుకున్నారు. 2013 మార్చిలో పోయేనాటికి నిండు నూరేళ్లకి ఇంకా కొన్ని నెలలే తక్కువ.

పుల్ల ఒకటి లోపలికి తొయ్యి, నేదునూరిగారి రికార్డు వెతికి పెట్టు. ఇప్పుడు తియ్యి ఆ ఫోను.