షెడ్డుకు డబ్బొచ్చింది, మేష్టారికి రాలేదు

మన బడి వెనక, బోరింగు పక్కన రేకుల షెడ్డు ఉండేది, గుర్తుందా? క్రాఫ్టు పీరియడులో అందులోనే కూర్చునేవాళ్లం. మేష్టారు చిత్రిక పట్టిస్తుంటే చెక్కపొట్టు మోకాళ్ల దాకా పేరుకునేది. నేను తొమ్మిదిలో ఉండగా ఆయన రిటైరయ్యారు. ఆ పోస్టులో మళ్లీ ఎవరినీ వేయలేదు. షెడ్డు మాత్రం అలాగే ఉంది. మొదట విరిగిన బల్లలు పెట్టారు, తరువాత తాళం వేశారు.

పదో తరగతి తరువాత నేను ఐటీఐలో ఫిట్టరుగా చేరాను. కొన్నాళ్లు ఫ్యాక్టరీలో చేసి, తరువాత ఐటీఐలోనే శిక్షకుడిగా కుదిరి రిటైరయ్యాను. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం మిత్రులు అడిగినప్పుడు ఆ షెడ్డే కళ్లముందు మెదిలింది. చేతిపని నేర్పే చదువుకు సర్కారు సొమ్ము ఎలా వచ్చింది, ఎక్కడ ఆగింది అన్న కథ రాద్దామనిపించింది.

కథ 1854 నుంచి మొదలుపెట్టాలి. ఆ ఏడాది లండన్ నుంచి చార్లెస్ వుడ్ పేరుతో వచ్చిన విద్యా పత్రం, ప్రైవేటు బడులకు ప్రభుత్వం గ్రాంటు ఇవ్వాలని చెప్పింది. మనం ‘ఎయిడెడ్ స్కూలు’ అనే మాటకు మూలం అదే. గ్రాంటు దేనికివ్వాలన్న తగువు కూడా అప్పుడే పుట్టింది. 1862లో ఇంగ్లండులో ‘ఫలితాన్ని బట్టి చెల్లింపు’ పద్ధతి తెచ్చారు. ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్ష పెడతాడు; చదవడం, రాయడం, లెక్కల్లో ఎంతమంది పాసైతే అంత డబ్బు. మద్రాసు ప్రెసిడెన్సీకీ ఆ పద్ధతి పాకింది. దాంతో ఇన్‌స్పెక్టరు అడిగేదే పాఠమైంది, అడగనిది మూలపడింది.

1882లో వేసిన హంటర్ కమిషన్ మరో మంచి మాట చెప్పింది. హైస్కూల్లో రెండు దారులు ఉండాలంది. ఒకటి యూనివర్సిటీ ప్రవేశానికి, రెండోది వ్యాపారం, వృత్తి పనుల వంటి బతుకుతెరువు చదువులకు. మొదటి దారిలో గుమాస్తా ఉద్యోగాలు కనిపించాయి. జనం అటే నడిచారు, డబ్బూ అటే నడిచింది. రెండో దారి చాలాకాలం కాగితం మీదే ఉండిపోయింది.

దాన్ని నిజంగా తెరిచింది యుద్ధం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్యాక్టరీలకూ సైన్యానికీ మెకానిక్కులు చాలక 1940లో ప్రభుత్వం పెద్ద ఎత్తున సాంకేతిక శిక్షణ మొదలుపెట్టింది. యుద్ధం ముగిశాక ఇంటికొచ్చిన సైనికులకు, దేశ విభజన తరువాత నిరాశ్రయులై వచ్చినవారికి అదే ఏర్పాటు ఉపాధి దారి చూపింది. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇక్కడుంది. 1948లో బిలాస్‌పూర్ దగ్గర కోనిలో శిక్షకులకే శిక్షణనిచ్చే కేంద్ర సంస్థను పెట్టారు. దేశమంతటికీ చేతిపనివారి శిక్షణ పథకం వచ్చింది ఆ తరువాత, 1950లో. అంటే ముందు మేష్టార్లను తయారుచేసుకుని, తరువాత బడులు తెరిచారు. ఇల్లు కట్టే మేస్త్రీ అయినా పునాది తరువాతే గోడ లేపుతాడు.

ఆ తరువాత లెక్క మారింది. శివరావు కమిటీ సిఫారసు మేరకు 1956 నవంబరు 1న ఐటీఐల నిర్వహణ రాష్ట్రాలకు వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్ అవతరించిన రోజు కూడా అదే! ఖర్చులో కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లు భరించేట్టు ఏర్పాటు. 1969 ఏప్రిల్ 1 నుంచి ఆర్థిక బాధ్యత కూడా పూర్తిగా రాష్ట్రాలదే అయింది. సిలబసు, పరీక్ష, సర్టిఫికెట్ ఢిల్లీవి. జీతాలు, ఇనుము, కరెంటు బిల్లు రాష్ట్రానివి. ఖజానా బిగిసినప్పుడల్లా మొదట ఆగేవి భర్తీ కావలసిన పోస్టులు, కొనవలసిన ముడిసరుకు.

ఇది పుస్తకంలో చదివింది కాదు. నేను పనిచేసిన ఒక ఐటీఐలో కొత్త లేత్‌లు వచ్చాయి. వాటిమీద నేర్పాల్సిన టర్నర్ శిక్షకుడి పోస్టు ఏళ్ల తరబడి ఖాళీ. గుడ్డ కప్పి ఉంచేవాళ్లం. ఫిట్టర్ పిల్లలకు ఇవ్వడానికి ఎం.ఎస్. ఫ్లాటు చాలక, సీనియర్లు ఆకురాయితో అరగదీసి పడేసిన ముక్కలనే మళ్లీ జూనియర్లకు ఇచ్చేవాణ్ణి. ఆ పిల్లలు తెలివి తక్కువవాళ్లు కాదు. వాళ్ల చేతికి ఇనుము అందలేదు, అంతే. అంతకు ముందు తరంలో మావాళ్లు విశాఖ షిప్‌యార్డులో, బీహెచ్‌పీవీలో, రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో ఇట్టే కుదురుకున్నారు. 1961 అప్రెంటిస్‌షిప్ చట్టం ప్రకారం ఫ్యాక్టరీలోనే పని నేర్చుకుంటూ స్టైపెండు తీసుకున్నారు. ఎనభైల తరువాత ఆ తలుపులు ఒక్కొక్కటిగా ఇరుకయ్యాయి.

కొత్త పథకాలు రాకపోలేదు. 1986 జాతీయ విద్యా విధానం, ప్లస్ టూ స్థాయిలో పదిమందిలో ఒకరిని 1990 నాటికి, నలుగురిలో ఒకరిని 1995 నాటికి వృత్తి విద్యలోకి తేవాలని లక్ష్యం పెట్టుకుంది. 1992లో సవరించినప్పుడు ఆ గడువులను 1995కూ, 2000కూ జరిపారు. 2007లో 1,396 ప్రభుత్వ ఐటీఐలను పరిశ్రమల భాగస్వామ్యంతో మెరుగుపరచడానికి ఒక్కోదానికి రెండున్నర కోట్ల వరకు వడ్డీలేని రుణం ఇచ్చారు. ఈలోగా ప్రైవేటు ఐటీఐలు పెరిగి, ఇవాళ దేశంలోని దాదాపు 15 వేల ఐటీఐలలో ప్రభుత్వానివి మూడువేల పైచిలుకే. 2015లో వచ్చిన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో శిక్షణ సంస్థకు డబ్బు విడతలుగా వచ్చేది: కొంత తరగతి మొదలైనప్పుడు, కొంత సర్టిఫికెట్ వచ్చాక, కొంత ఉద్యోగం చూపించాక. చదువుతుంటే నాకు 1862 నాటి ఇన్‌స్పెక్టరే గుర్తొచ్చాడు. ఫలితం అడగడం తప్పని నేననను. ప్రజల సొమ్ముకు లెక్క ఉండాల్సిందే. కాని తలలు లెక్కపెట్టి డబ్బిస్తే సంస్థ తలలనే పోగుచేస్తుంది. రెండేళ్లు పట్టే పనిని మూడు నెలల్లో ముగించడానికే చూస్తుంది.

2025 మేలో కేంద్ర మంత్రివర్గం వెయ్యి ప్రభుత్వ ఐటీఐల కోసం 60 వేల కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. అందులో కేంద్రం 30 వేల కోట్లు, రాష్ట్రాలు 20 వేల కోట్లు, పరిశ్రమలు 10 వేల కోట్లు పెట్టాలి. అంకెలకన్నా నా మనసుకు పట్టింది వేరే మాట. యాభైవేల మంది శిక్షకులకు శిక్షణ ఇస్తారట, అందుకోసం అయిదు జాతీయ సంస్థలను బలపరుస్తారట. వాటిలో హైదరాబాదుది ఒకటి. కోనిలో 1948లో తెలిసిన సంగతి మళ్లీ గుర్తొచ్చినందుకు సంతోషం. అమలు ఎలా ఉంటుందో చూడాలి.

నూట డెబ్బై ఏళ్ల ఈ కథలో నాకు అర్థమైంది ఒక్కటే. భవనానికీ యంత్రానికీ డబ్బు ఒక్కసారి ఇస్తే సరిపోతుంది. ఫలకం మీద పేరూ ఉంటుంది. మేష్టారికీ ముడిసరుకుకూ ఏటేటా ఇవ్వాలి. ఆ ఖర్చుకు రిబ్బను కత్తిరించడం ఉండదు. అందుకే అది ఎప్పుడూ వెనకబడుతుంది.

ఇక మన మాట. స్వర్ణోత్సవ నిధితో బడి ముందు కమాను కట్టాలన్న ఆలోచన ఉందని విన్నాను. కట్టండి, నా వంతు చందా నేనూ ఇస్తాను. అయితే నిధిలో కొంత భాగం బ్యాంకులో వేసి, వచ్చే వడ్డీతో రెండు పనులు చేద్దామని నా మనవి. మన బడినుంచి ఐటీఐకి వెళ్లే ప్రతి పిల్లకీ పిల్లవాడికీ సొంత టూల్ కిట్టు ఇద్దాం. ఆ వెనక షెడ్డు తాళం తీయించి, వారానికి ఒక పూట పని నేర్పే ఒకరికి గౌరవ వేతనం ఇద్దాం. మనలో ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు, డ్రాఫ్ట్స్‌మన్లు ఎందరో ఉన్నారు. వేదికమీదికి పిలవకపోయినా వాళ్లూ ఈ బడి బిడ్డలే.

మొదటి ఏడాది శనివారాలు నేనొస్తాను. నాకు వేతనం వద్దు. పిల్లల చేతికి కొత్త ఇనుము ఉంటే చాలు.